బొబ్బట్టు గురక

నాకు కుక్కలంటే మోజేమీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీరు నన్ను ఆ బాపతు వాళ్ళలో కలిపేయకుండా ఉంటారు. కుక్కకి చొక్కా తొడిగి, పుట్టినరోజుకి కేకు కోసి, "మమ్మీ దగ్గరికి రా" అని పిలిచేవాళ్ళని మా కొత్తగూడ అపార్ట్‌మెంట్ లిఫ్టులో రోజూ చూస్తూనే ఉంటాను. చూసి మూతి తిప్పుకునేదాన్ని. మరి నా ఇంట్లోకి బొబ్బట్టు ఎలా వచ్చాడంటే, అదంతా వినయ్ పుణ్యం.

వినయ్ మా టీమ్‌లో కుర్రాడు, అనంతపురం వాడు. కూతురి పుట్టినరోజుకని పగ్ జాతి కుక్కపిల్లని కొనుక్కొచ్చాడు. అంతలో ఊరి నుంచి వాళ్ళమ్మ కమలమ్మగారు దిగి, కుక్క తిరిగే ఇంట్లో తను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని సంచీ సర్దుకున్నారట. ఇతగాడు బుట్టతో సహా మా గుమ్మంలో నిలబడ్డాడు. మా అమ్మ పోతానే ఎత్తుకుపోతా, రెండు దినాలు పెట్టుకో అక్కా అన్నాడు. కమలమ్మగారు వెళ్ళారు, మళ్ళీ వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. బుట్ట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. పసుపచ్చటి ఒళ్ళు, చేత్తో అద్దినట్టు చదునైన మొహం చూసి నేనే వాడికి బొబ్బట్టు అని పేరు పెట్టాను.

ఇక నా గురించి చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. పేరు రత్నమాల, ఊరు కాకినాడ. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎవరో కష్టపడి కట్టినదాన్ని ఎక్కడ నొక్కితే విరుగుతుందో వెతికి చెప్పడం నా ఉద్యోగం. పెళ్ళి కూడా చేసుకున్నాను. ఆయన మంచం మధ్యలో ఒక దిండు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. పోట్లాడుకున్నా బావుండేది, అదీ లేదు. ఆ దిండే ఒకనాటికి రెండు ఇళ్ళయింది.

వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "వినిపిస్తోందా, వినిపిస్తోందా" అని వాళ్ళు నన్ను అడుగుతారు, నేను వాళ్ళని అడుగుతాను. హెడ్‌సెట్ తీశాక ఫ్లైఓవర్ మీద బండ్ల రొద తప్ప ఏమీ వినిపించదు. గ్లాసు గట్టుమీద పెట్టిన చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డ రోజులున్నాయి. నాకు చాలా ఒంటరిగా ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్ళుంటే కదా.

అలాంటి ఇంట్లోకి గురక వచ్చింది. అదేం గురకండీ బాబూ! రెండు చేతుల్లో ఇమిడే ప్రాణి, పడుకుంటే పక్కింట్లో మిక్సీ వేసినట్టుండేది. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత తర్వాత ఆ చప్పుడు లేకపోతే నాకు కన్ను మూతపడేది కాదు. ఇంట్లో ఇంకో ప్రాణి ఊపిరి పీలుస్తోందన్న ధైర్యం అది.

పొద్దున్న టీమ్ అంతా పది నిమిషాలు మాట్లాడుకునే కాల్ ఒకటుంటుంది. ఒకరోజు మ్యూట్ చేయడం మర్చిపోయాను. గుర్రు గుర్రుమని గురక అందరికీ వినిపించింది. అంతే, మర్నాటి నుంచీ అదొక ఆనవాయితీ అయిపోయింది. ముందు బొబ్బట్టు గురక, తర్వాతే పని. గచ్చిబౌలి ఆఫీసులో కూర్చున్నవాళ్ళు స్పీకర్ పెట్టుకుని మరీ వినేవారు. అన్నేళ్ళలో నా దగ్గరికి తప్పులకీ గడువులకీ తప్ప రానివాళ్ళు, క్యాంటీన్‌లో నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని బొబ్బట్టు ఏం తిన్నాడని అడిగేవారు. నేనూ సందు దొరికితే చాలు, వాడి కబుర్లే. లిఫ్టులో చొక్కా తొడిగిన కుక్కని చూసి ఒకనాడు మెచ్చుకున్నాను కూడా. సిగ్గులేకపోతే సరి.

అన్నిటికంటే నన్ను పడగొట్టింది వాడు పడుకునే తీరు. బుట్టలో మెత్తటి పరుపు వేశాను, వాడికి అక్కర్లేదు. నేను పనిచేసుకుంటుంటే బల్ల కిందికి దూరి, నా పాదం మీద గడ్డం ఆనించి, మొహం పైకెత్తి కళ్ళు మూసుకునేవాడు. కాలు తిమ్మిరెక్కినా కదిపేదాన్ని కాదు. దాహమేస్తే ఓర్చుకునేదాన్ని. ఇంత నమ్మకంగా నా మీద వాలిన ప్రాణి నా జీవితంలో ఇంకోటి లేదు. నన్ను కావాలనుకునేవాళ్ళు కూడా ఉంటారన్నమాట అనుకుని ఒకసారి కాల్ మధ్యలో కళ్ళు తుడుచుకున్నాను. కెమెరా ఆఫ్‌లో ఉంది కాబట్టి బతికిపోయాను.

వేసవి వచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచీ కరెంటు లేదు. మా జనరేటర్‌కి ఫ్యాను తిప్పే ఓపికే గాని ఏసీ నడిపే ఓపిక లేదు. మధ్యాహ్నం కాల్‌లో ఉన్నాం. బల్ల కింద గురక ఎప్పటికంటే గట్టిగా వస్తోంది. వినయ్ నవ్వి, ఈ పొద్దు బొబ్బట్టు ఫుల్ ఫామ్‌లో ఉండాడే అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే కిందికి వంగి చూశాను. వాడు నిద్రపోవడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, గుడ్లు తేలేసి నన్నే చూస్తున్నాడు. నాలుక నేరేడుపండు రంగులోకి తిరిగింది.

హెడ్‌సెట్ ఎక్కడ విసిరానో తెలియదు. తడి తువ్వాలులో చుట్టి, చెప్పుల్లేకుండా కిందికి పరిగెత్తి, దొరికిన ఆటో ఎక్కాను. కొత్తగూడ కూడలి దాటడానికి ఆ రోజు యుగం పట్టినట్టనిపించింది. వాడు నా ఒళ్ళో కూర్చోలేక, పడుకోలేక, మెడ చాచి, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు. ఊరుకో నాన్నా, ఊరుకో నాన్నా అని దారంతా అంటూనే ఉన్నాను.

సందులో చిన్న క్లినిక్. డాక్టర్ పేరు ప్రవళిక, ఇంకా ముప్ఫై దాటి ఉండదు. నన్ను ఒక్క మాటా అడగకుండా వాడిని లాక్కుని మొహానికి ఆక్సిజన్ పెట్టింది, కడుపు కింద చల్లటి గుడ్డలు పరిచింది. చాలాసేపటికి నాలుక రంగు మారింది. అప్పుడు ఇంత దూది తీసుకుని, సన్నటి పోగు లాగి, వాడి ముక్కు ముందు పట్టుకుంది.

"చూడుండ్రి మేడమ్. దూది కదుల్తలేదు."

నిజంగానే కదలలేదు. ఆ ముక్కుకి రంధ్రాలున్నాయని నేను అనుకుంటున్న చోట రెండు గీతలున్నాయి, అంతే. మొహం ఇంత చదునుగా పుట్టించిన జాతుల్లో ఇది మామూలేనట. ముక్కు మూసుకుపోతుంది, నోట్లో వెనక ఉండే మెత్తటి అంగిలి పొడుగై గొంతుకి అడ్డం పడుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ వాడు సన్నటి స్ట్రాతో గాలి పీల్చినట్టు బతుకుతున్నాడని చెప్పింది. గురక మాటేమిటండీ, ఆఫీసులో అందరూ ముచ్చటపడతారే అన్నాను. అప్పటికి కూడా నా నోటికి బుద్ధి రాలేదు.

"అది గురక గాదు మేడమ్. గాలి కోసం కొట్లాట" అంది. తర్వాత వాడు ఎట్ల పండుకుంటడని అడిగింది.

నేను కాస్త గర్వంగానే చెప్పాను. నా పాదం మీద గడ్డం పెట్టుకుని, మొహం పైకెత్తి, నన్ను వదలకుండా అని. ఆ అమ్మాయి వాడి మెడ నిమురుతూ తల ఊపింది.

"గడ్డం ఎత్తిపెడితే గొంతు జర తెరుచుకుంటది. గందుకే పెడుతుండు. మీ కాలైనా ఒకటే, ఇటుకైనా ఒకటే."

నాకు ఒళ్ళు మండిపోయింది. మీకేం తెలుసండీ, మీరేమైనా మా ఇంటికొచ్చి చూశారా అని అరిచాను. బయట కూర్చున్నవాళ్ళు తొంగి చూశారు. ప్రవళిక చేతిలో దూది పడేసింది. ముక్కు రంధ్రాలు పెద్దవి చేసి అంగిలి కొంచెం కత్తిరించే ఆపరేషన్ ఉందని, ఎంత ఆలస్యం చేస్తే గొంతు అంత పాడవుతుందని చెప్పింది. మత్తు ఇస్తే ఇలాంటి కుక్కలకి ప్రమాదం, ముఖ్యంగా మత్తు దిగేటప్పుడు. ఆలోచించుకోమంది.

ఆలోచించానా? లేదు. ఇంటికొచ్చి టెస్ట్ చేశాను. ఎవరు చెప్పినా నమ్మకుండా సొంతంగా నొక్కి చూసుకోవడం పదిహేనేళ్ళుగా నా అలవాటు. మర్నాడు బల్ల కింద నా పాదం ఉండే చోట చెప్పు పెట్టి, నేను కాళ్ళు కుర్చీ మీదికి మడుచుకున్నాను. బొబ్బట్టు వచ్చాడు, కాస్త తడుముకున్నాడు, చెప్పు మీద గడ్డం పెట్టి పడుకున్నాడు. సరే, చెప్పుకి నా వాసన ఉంటుంది కదా అని దాన్ని తీసేసి, మోడెమ్ వచ్చిన అట్టపెట్టె పెట్టాను. దాని మీదా అంతే. చుట్టిన తువ్వాలు, కందిపప్పు ప్యాకెట్, చివరికి వంటింట్లో చపాతీ కర్ర. అన్నిటి మీదా అదే గడ్డం, అలాగే ఎత్తిన మొహం, అదే చప్పుడు.

కర్ర మీద తల పెట్టుకున్న వాడిని చూస్తూ నేల మీద కూలబడ్డాను. నామీద నాకే జాలేసింది. కాలు తిమ్మిరెక్కించుకుని, దాహం ఓర్చుకుని, ప్రేమ ప్రేమ అని మురిసిపోయిన మొహం నాది. ఆపరేషన్ అయితే వాడికి ఆ పాదం అవసరమే ఉండదు. ఆ చప్పుడూ ఉండదు. ఇల్లు మళ్ళీ మునుపటి ఇల్లయిపోతుంది. పోనీ చేయించకపోతే? ఏసీ వేసి, ఎండకి తిప్పకుండా, జాగ్రత్తగా చూసుకుంటే గడిచిపోదా అని కూడా అనుకున్నాను. అనుకున్నానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు, ఒక్కర్తే ఉన్నవాళ్ళకి తెలుస్తుంది. అప్పుడే వాడికి నిద్ర గాఢమై, తల కర్ర మీంచి జారింది. జారగానే ఊపిరి ఆగింది. ఉలిక్కిపడి లేచి, రొప్పి, మళ్ళీ గడ్డం ఎత్తిపెట్టుకున్నాడు. మళ్ళీ కునుకు, మళ్ళీ జారడం, మళ్ళీ లేవడం. ఆ మధ్యాహ్నమంతా చూశాను. పుట్టాక వాడు ఒక్కనాడు కూడా కంటినిండా నిద్రపోలేదు.

క్లినిక్‌కి ఫోన్ చేసి ఎప్పుడు తీసుకురమ్మంటారని అడిగాను.

పొద్దున్న కాల్‌లో గురక ఏదని అడిగారు. అది గురక కాదని చెప్పాను, మిగతాదీ చెప్పాను. ఒక్కొక్కరే మ్యూట్ చేసుకున్నారు. తర్వాత వినయ్ విడిగా ఫోన్ చేశాడు.

"అన్ని పిల్లల్లో మొగం యాదానికి చప్పిడిగా ఉందో చూసి, నేనే ఏరుకోని తెచ్చినానక్కా" అన్నాడు.

నీ తప్పేముందిరా, మేమంతా విని నవ్వినవాళ్ళమే కదా అన్నాను. ఆపరేషన్ రోజు వస్తానన్నాడు. ఆ రోజే ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పడింది, రాలేకపోయాడు. నేనేం అనుకోలేదు. నా పని కూడా అదే కదా.

ఆ రోజు బొబ్బట్టుని ప్రవళిక చేతికిచ్చేటప్పుడు వాడు నా వైపు చూడలేదు, బల్ల మీద మెరిసే గిన్నెని చూస్తున్నాడు. తలుపు మూసుకుంది. బెంచీ మీద నా పక్కన పిల్లిని తెచ్చుకున్న మొగుడూ పెళ్ళాలు కూర్చున్నారు. ఒకరు టీకి వెళితే ఒకరు బుట్ట పట్టుకుంటున్నారు. నేను టీకి వెళ్ళలేదు. ఎంతసేపు కూర్చున్నానో గాని, మొక్కని దేవుడు లేడు. కాకినాడలో చిన్నప్పుడు చూసిన దేవుళ్ళకి కూడా మొక్కాను. నా దగ్గరికి రాకపోయినా ఫర్వాలేదు, నన్ను చూడకపోయినా ఫర్వాలేదు, లేస్తే చాలు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ప్రవళిక బయటికొచ్చి, మంచిగున్నడు మేడమ్, లేచి కూసున్నడు అంది. ఆ అమ్మాయిని కౌగిలించుకుని క్షమించమన్నాను. ఎందుకో తనకి అర్థమైనట్టే ఉంది.

కుట్లు మానాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం బొబ్బట్టు బాల్కనీ తలుపు దగ్గర చల్లటి టైల్స్ మీద, ఏ ఆసరా లేకుండా, కాళ్ళు బార్లా చాపుకుని పక్కకి ఒరిగి పడుకున్నాడు. చప్పుడు లేదు. దగ్గరికెళ్ళి పొట్ట ఎగసిపడుతోందో లేదో చూసుకోవలసి వచ్చింది. పక్కనే నేల మీద కూర్చున్నాను. నా అలికిడికి లేచి, నా దగ్గరికొచ్చి ఆగాడు. ముక్కు కదిలింది. ఆ కొత్త రంధ్రాలు ఇంతింత తెరుచుకుని మూసుకోవడం మొదటిసారి చూశాను. మడమ దగ్గర మొదలుపెట్టి, పాదం, మోకాలు, అరచేయి, మెడ, చెవి వెనక, తీరిగ్గా, ఎక్కడా వదలకుండా వాసన చూశాడు. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. అప్పుడు తట్టింది నాకు, ఇన్నాళ్ళూ నా ఇంట్లో ఉన్నా, మూసుకుపోయిన ఆ ముక్కుతో వాడికి నేనెలా ఉంటానో తెలియదు.

నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. వాడు నన్ను మొత్తం తెలుసుకున్నాడు. తెలుసుకుని, తోక ఒకసారి ఊపి, వెనక్కి వెళ్ళి, నాకు వీపు పెట్టి అదే టైల్ మీద పడుకున్నాడు. రెండు నిమిషాల్లో గాఢంగా నిద్రపోయాడు. కలలో కాళ్ళు ఎక్కడికో పరిగెడుతున్నాయి.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. లేస్తాడేమోనని, చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను.