ఏడో నెంబరుకు ఉక్కు పళ్ళు

నేను ఒక ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్‌ని. పేరు విని కంగారుపడకండి. ఆకారానికి సరిహద్దులో కాపలా కాసే తుపాకీలా కనిపిస్తాను గానీ, నా గొట్టంలోంచి వచ్చేది మిరియం గింజకన్నా కాస్త పెద్దదైన తెల్లటి ప్లాస్టిక్ గుండు. చొక్కా మీద తగిలితే గండుచీమ కుట్టినట్టుంటుంది, అంతే. మనుషులు ఆదివారాలు మమ్మల్ని పట్టుకుని ఒకరినొకరు కాల్చుకుంటారు, ఆ తర్వాత ఒకే బల్ల చుట్టూ కూర్చుని పకోడీలు తింటారు. నేను చేసిన యుద్ధాలన్నీ పకోడీలతోనే ముగిశాయి. ఆ మాట ఏ నిజం తుపాకీ చెప్పుకోగలదో చూడండి.

నేను పుట్టింది సముద్రానికి అవతల ఒక ఫ్యాక్టరీలో. అమ్మానాన్నలెవరో తెలీదు. కదిలే బెల్టు మీద నిమిషానికొకళ్ళం చొప్పున బయటికొచ్చాం. పన్నెండుమందిమి ఒకే పెట్టెలో ప్రయాణం చేసి విశాఖపట్నం చేరాం. అక్కణ్ణించి భీమిలి దారిలో ఒక జీడితోట. తోటలో వెదురు తడికలు కట్టి, ఇసుక బస్తాలు పేర్చి, పాత డ్రమ్ములు దొర్లించి హేమంత్ అనే కుర్రాడు ఆటస్థలం పెట్టాడు. మా ఒంటి మీద తెల్లరంగుతో నెంబర్లు వేశాడు. నాకు ఏడు వచ్చింది.

నా లోపలి సంగతి కొంచెం చెప్పాలి. నా కడుపులో ఒక మోటారు, ఒక స్ప్రింగు, వాటి మధ్య పళ్ళ చక్రాలు మూడు ఉంటాయి. మోటారు మొదటి చక్రాన్ని తిప్పుతుంది, మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని. మూడో చక్రానికి సగం చుట్టూనే పళ్ళు. ఆ సగంతో పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది, పళ్ళు లేని సగం రాగానే వదిలేస్తుంది. స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తే, పిస్టన్ గాలిని తోస్తుంది, గాలి గుండును తోస్తుంది. సెకనుకు పదిహేనుసార్లు జరగాల్సిన పని ఇది. నాకు మాత్రం ఫ్యాక్టరీవాళ్ళు పెట్టిన చక్రాలు మెత్తటి పోత లోహంవి. చూడ్డానికి ఇనుములా మెరుస్తాయి, కొరకడానికి బెల్లమ్ముక్కలా విరుగుతాయి.

మొదటి ఏడాదిలోనే మూడుసార్లు పళ్ళు రాల్చుకున్నాను. నన్ను బాగుచేసే బాధ్యత హేమంత్ చిన్నాన్న సన్యాసినాయుడిది. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర ఏ జబ్బుకైనా ఒకటే మందు: గ్రీజు. బస్సు చక్రాలకు పెట్టే ఎర్రటి చిక్కటి గ్రీజు చారెడు నా కడుపులో కుక్కి, మూత బిగించి, వీపు మీద చరిచేవాడు. నేను పది గుళ్ళు కాల్చి దగ్గేదాన్ని. ఆటకొచ్చినవాళ్ళు కొక్కేలకు వేలాడుతున్న మమ్మల్ని చూసి, "ఆ ఏడోది తప్ప ఏదైనా ఇవ్వండి" అనడం మొదలుపెట్టారు. నిజానికి ఆ మాట కన్నా గ్రీజే నయం.

"ఇది తుపాకీ కాదురా హేమంతూ, ఆస్పత్రి కేసు," అన్నాడు సన్యాసినాయుడు ఒకరోజు. "విప్పీసి మిగతావోటికి స్పేరు కింద వాడీద్దుం. దీని ఊసొగ్గీ."

సరిగ్గా ఆ రోజుల్లోనే రోహిణి వచ్చింది.

హేమంత్ పెళ్ళికి మేమెవరమూ వెళ్ళలేదు, తుపాకుల్ని పెళ్ళికి ఎవరు పిలుస్తారు? మూడో వారానికల్లా ఆమే మా దగ్గరికొచ్చింది. కొత్త మట్టెలు నేల మీద టిక్కుటిక్కుమంటుంటే వాటి చప్పుడుకు తనే మురిసిపోతూ నడిచేది. మెకానికల్ ఇంజనీరింగు చదివింది. ఆ చదువుకన్నా ముందు, బొబ్బిలిలో కుట్టుమిషన్లు బాగుచేసే తండ్రి పక్కన కూర్చుని పదేళ్ళు నట్లు అందించింది. అలాంటి మనిషిని తీసుకొచ్చి కౌంటరు దగ్గర కుర్చీ వేసి, వచ్చినవాళ్ళ పేర్లు రాసి కళ్ళద్దాలు ఇవ్వమన్నారు. రాసింది, ఇచ్చింది. కానీ ఆమె చూపంతా సన్యాసినాయుడి పనిబల్ల మీదే ఉండేది. కొందరు ఆడవాళ్ళు నగల కొట్టును అలా చూస్తారని విన్నాను.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నన్ను తీసి, చెవికి ఆనించుకుని ఒక్క గుండు పేల్చింది. కళ్ళు మూసుకుని మళ్ళీ ఒకటి.

"చిన్నమావయ్యగారూ, దీన్ని నన్ను విప్పనివ్వండి," అంది సన్యాసినాయుడు రాగానే.

"నువ్వేటమ్మా, పెళ్ళై నెల్లాళ్ళు కానేదు. సేతులకి గ్రీజు పూసుకుంటే మీ అత్త నన్ను బతకనిస్తదేటి?"

"అత్తయ్యకు నేను చెప్పుకుంటాను. గ్రీజు సబ్బుకు పోతుంది."

"ముప్పై ఏళ్ళు బస్సులు బాగుసేసినోణ్ణి. నాకే లొంగనేదు ఇది."

"బస్సైతే లొంగేదే మావయ్యా. ఇది కుట్టుమిషను బాపతు."

సన్యాసినాయుడు ఆ మాటకు నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నాడని తెలియకూడదని చుట్ట వెలిగించాడు. కాసేపాగి పందెం వేశాడు. దసరా రోజు మధ్యాహ్నం నేను పది మేగజైన్లు, అంటే గుళ్ళు నింపే డబ్బాలు, ఖాళీ చేయాలి; ఒక్కోదానికి మూడు వందలు, మొత్తం మూడువేల గుళ్ళు. మధ్యలో ఒక్కసారి ఆగినా నేను స్పేరు డబ్బాలోకి, ఆమె కౌంటరుకు. మళ్ళీ ఈ బల్ల ఊసెత్తకూడదు.

"ఆగకపోతే?" అంది రోహిణి.

"ఆగకపోతే ఈ బల్ల నీది. పన్నెండు తుపాకులూ నీవి. నాను కౌంటర్లో కూకుంటాను."

"నేనెవరి వైపు?" అన్నాడు హేమంత్.

"మీరు మేగజైన్లు నింపే వైపు," అంది పెళ్ళాం.

మరుసటి రోజు నా పొట్ట తెరుచుకుంది. మంగళసూత్రం పనికి అడ్డం రాకుండా వీపు మీదికి తోసుకుని, పిన్ను పెట్టుకుని, స్క్రూలు ఒక్కొక్కటే తీసి స్టీలు పళ్ళెంలో వరసగా పేర్చింది. తొమ్మిదోది తీసేసరికి ఆమె ఊహించని ఒక్క విషయం జరిగింది. నా స్ప్రింగు అదాటున ఎగిరి, హేమంత్ చెవి పక్కనుంచి దూసుకుపోయి జీడిచెట్టు కొమ్మల్లో చిక్కుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డారు. తర్వాత హేమంత్ లుంగీ ఎగ్గట్టి చెట్టెక్కాడు. పెళ్ళాం కోసం చుక్కలు తెస్తామన్నవాళ్ళ గురించి విన్నాను గానీ, స్ప్రింగు తెచ్చినవాణ్ణి చూసింది మాత్రం నేనే.

ఎర్ర గ్రీజంతా చెంచాతో గోకి తీసింది. అరిగిన నా పాత చక్రాలను అరచేతిలో పోసుకుని పళ్ళు లెక్కపెట్టింది. బెంగుళూరు నుంచి పోస్టులో ఉక్కు చక్రాలు వచ్చాయి. పోత పోసినవి కావు, గట్టి ఉక్కును పన్ను పన్నూ కోసి చేసినవి. వాటి బరువుకే నాకు ఒళ్ళు తెలిసొచ్చింది.

అసలు పని అక్కడ మొదలైంది. చక్రానికి, అది కూర్చునే పెట్టె గోడకు మధ్య ఎంత సందుండాలో తేల్చాలి. సందు ఎక్కువైతే పళ్ళు ఊగి ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, తక్కువైతే బిగిసి మోటారు ఉడుకుతుంది. ఉల్లిపొర మందాన ఉన్న వాషర్లు తీసుకుని, ఒకటి వేయడం, మూత బిగించడం, వేలి కొసతో తిప్పి వినడం, మళ్ళీ విప్పడం. నాలుగు మధ్యాహ్నాలు, నలభై ఒక్కసార్లు. "ఇంకా చాలదా?" అని హేమంత్ అడిగితే, "మిషనులో దారం తెగుతోందంటే తప్పు దారానిది కాదు అంటారు మా నాన్న," అని నలభై రెండోసారి విప్పింది. పిస్టన్ వెనకున్న పళ్ళ వరసలో రెండోదాన్ని ఆకురాయితో అరగదీసేసింది. చక్రం వచ్చి పట్టుకునే వేళకు అది అడ్డం పడుతోందట. నన్ను బలంగా చేయడానికి నా పన్ను ఒకటి పీకిన డాక్టరు ఈమె. చివర్న గ్రీజు పెట్టింది. చారెడు కాదు, కాటుక పెట్టినంత.

మూత వేసి ట్రిగ్గరు నొక్కితే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. దగ్గు లేదు, గరగర లేదు. రోహిణి మళ్ళీ ఒకసారి నొక్కి వింది. నన్ను ఒళ్ళో పెట్టుకుని ఒంటి మీది వేలిముద్రలన్నీ తుడిచింది.

దసరా వచ్చింది. ఆయుధపూజ అంటే సన్యాసినాయుడికి పూనకం. డిపోలో ఉన్నంత కాలం బస్సులు కడిగి దండలు వేసింది ఆయనే. ఆ పొద్దున తోటలో చాప పరిచి మమ్మల్ని పడుకోబెట్టాడు. రోహిణికి అత్తవారింట్లో మొదటి దసరా, ఆ ఇంటి పూజ ముగిస్తే గానీ కదలడానికి లేదు. నేను చాప చివర్న ఉన్నాను. బొట్టు పెట్టాడు, బంతిపువ్వు తురిమాడు, కొబ్బరికాయ కొట్టాడు. చెంబులో పట్టిన నీళ్ళు తెచ్చి, నా మేగజైను దూర్చే బెజ్జంలో పోశాడు. కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుని, ఇంకొంచెం పోశాడు. చల్లగా, తియ్యగా నా ఉక్కు పళ్ళ మధ్యకు దిగింది. నోరుండి ఉంటే ఆ రోజు వాడేదాన్ని.

మధ్యాహ్నం రెండింటికి రోహిణి వచ్చింది. పట్టుచీర కొంగు నడుముకు దోపి, నన్ను భుజానికెత్తి, ఎదురుగా డ్రమ్ముకు కట్టిన గోనెసంచి మీదికి గురిపెట్టింది. హేమంత్ మేగజైన్లు అందిస్తున్నాడు. సన్యాసినాయుడు స్టూలు మీద కూర్చుని వేళ్ళు ముడుస్తున్నాడు. ఒకటి అయింది. రెండు అయింది. మూడోదాంట్లో నా గొంతు సన్నబడింది. నేను గింజుకున్నాను. నాలుగోది పెట్టగానే మూలిగి, ఆగిపోయాను.

సన్యాసినాయుడు ముడిచిన మూడు వేళ్ళూ విప్పేశాడు.

"సరేనమ్మా," అన్నాడు సన్యాసినాయుడు మెల్లిగా. "దేనికైనా ఆయుర్దాయం ఉండాల."

రోహిణి పెదవి కొరుక్కుంటూ నన్ను తిప్పి చూసింది. నా బెజ్జం దగ్గర ముక్కు పెట్టింది. మళ్ళీ పెట్టింది.

"కొబ్బరి వాసనొస్తోంది," అంది.

"ఏ కొబ్బరి?" అన్నాడు హేమంత్.

సన్యాసినాయుడు స్టూలు మీంచి లేచాడు. "పొద్దున్న పూజలో నీళ్ళు పోసేనమ్మా. డిపోలో ముప్పై దసరాలు ఇంజన్ల మీద సల్లేను. ఏ బస్సూ ఆగనేదు."

"బస్సు ఇంజను వేడికి ఆవిరైపోతాయి మావయ్యా. ఇది తాగేసింది."

"మరి నీ తుపాకీ నెగ్గాలనే కదమ్మా," అన్నాడాయన, "దీనికి ఇంకో గుక్క ఎక్కువ పోసేను."

పందెం కట్టినవాడే నా గెలుపుకు మొక్కుకున్నాడు. మనుషుల సంగతి నాకు ఎప్పటికీ పూర్తిగా అర్థం కాదు.

"నా వల్ల ఆగింది గనక ఇది ఆగినట్టు లెక్క కాదు. నువ్వు నెగ్గినట్టే," అన్నాడాయన.

రోహిణి ఒప్పుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. బల్ల చేతికొచ్చేది. ఆమె తల అడ్డంగా ఊపింది. "నెగ్గినట్టే అంటే నాకు చాలదు మావయ్యా. విప్పి తుడుస్తాను. మొదటి మేగజైను నుంచీ పెడదాం. ఈసారి ఆగితే ఆగినట్టే."

చాప మీదే నన్ను విప్పింది. లోపల గ్రీజు పాలవిరుగుడులా తేలుతోంది. ఒక కొబ్బరి పీచు, కాస్త కుంకుమ. గోటి కొసతో మూడు చక్రాల పళ్ళూ ఒక్కొక్కటే తడిమింది. అన్నీ ఉన్నాయి. ఒక్కటీ వంగలేదు. ఆమె ఊపిరి వదలడం నా ఒంటికి తగిలింది. తడికి బిగిసినా, జిగురు పట్టుకున్నా, ఆ పళ్ళు మోటారునే ఆపాయి గానీ విరగలేదు. నాకు నా మీద అంతటి గౌరవం అంతకుముందెప్పుడూ కలగలేదు.

హేమంత్, కౌంటరులో పేర్లు రాసే పుస్తకంతో మోటారుకు గాలి విసిరాడు. సన్యాసినాయుడు తొమ్మిది స్క్రూలనూ అరచేతిలో పట్టుకుని, ఎక్కడ దొర్లిపోతాయోనని తుమ్ము కూడా ఆపుకున్నాడు. మూత వేసేటప్పుడు స్ప్రింగును అదిమిపట్టడానికి రోహిణి బొటనవేళ్ళు రెండూ చాలలేదు. ఆయనే తన మొరటు వేలు సందులో పెట్టి నొక్కాడు. ముప్పై ఏళ్ళు బస్సు నట్లు బిగించిన వేలు అది, కొండలా కదల్లేదు.

మళ్ళీ ఒకటి. రెండు. మూడు. నాలుగోది పెట్టేటప్పుడు ఎవరూ ఎవరి మొహం చూడలేదు. నాలుగు దాటింది. ఏడోదానికి నా గొట్టం వెచ్చబడింది, ఎనిమిదోదానికి బ్యాటరీ మార్చారు, తొమ్మిదోదానికి గోనెసంచి చిల్లులు పడి వేలాడింది. పదో మేగజైనులో చివరి గుండు వెళ్ళాక ఖాళీ గాలి పుస్సుమంది. రోహిణి ట్రిగ్గరు వదల్లేదు. ఇంకా ఒక అరనిమిషం ఉత్త గాలినే కాల్చింది, ఆ చప్పుడు వినడానికి.

"మూడువేలు," అన్నాడు హేమంత్. అని, ఖాళీ మేగజైన్లు లెక్కపెట్టి మళ్ళీ "మూడువేలు" అన్నాడు.

సన్యాసినాయుడు పనిబల్ల తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడి మెడ గోక్కున్నాడు.

"ఇంకో మాటమ్మా. కోప్పడకు."

"చెప్పండి మావయ్యా."

"పూజ పన్నెండిటికీ సేసేను."

అందరూ చాప వైపు చూశారు. పదకొండు తుపాకులు బొట్లు పెట్టుకుని, బంతిపువ్వులు తురుముకుని, బుద్ధిగా పడుకుని ఉన్నాయి. ఒకదాని బెజ్జం దగ్గర చీమలు బారు కట్టాయి.

రోహిణి కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని హేమంత్ దగ్గరికెళ్ళాడు. భుజాలు ఊగిపోయేంతగా నవ్వుతోంది.

నన్ను తీసుకెళ్ళి నా కొక్కేనికి తగిలించారు. పక్కనున్న పదకొండు కొక్కేలూ ఖాళీ. కింద, చాప మీద, ముప్పై ఏళ్ళ మెకానిక్కు కళ్ళజోడు తుడుచుకుని బాసింపట్టు వేసి కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు చేతికి తీసుకుని కోడలి వైపు చూశాడు.

"ముందు ఏ నెంబరు ఇప్పమంటావమ్మా?"

"ఒకటి," అంది రోహిణి, స్క్రూల కోసం పళ్ళెం ఆయన ముందుకు జరుపుతూ.

పైనుంచి నేను చూస్తున్నాను. ఆ సాయంత్రం ఆ తోటలో కాల్చమంటే కాల్చగలిగిన తుపాకీ ఒక్కటే ఉంది. దాని మీద తెల్లరంగుతో ఏడు అని రాసి ఉంటుంది.