వైవా అయ్యాక చెబుదామని

"మేనేజ్‌మెంటు చదివావుగా, ఈ వంటిల్లు కూడా కాస్త మేనేజ్ చెయ్యి" అన్నారు అత్తగారు, సింకులో గిన్నెల వైపు గడ్డంతో చూపిస్తూ. ఈ మాట మొదటిసారి అన్నప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. కోడలైన ఆమె కూడా నవ్వింది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు గాని, మాట మాత్రం ఆగలేదు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గిన్నెలు తోమసాగింది. తన అమ్మ పోయి నెల దాటింది. గిన్నెల దగ్గర నిలబడితే చాలు, ఆ శనివారం గుర్తొస్తుంది.

ఆమె మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. పనిచేస్తున్న ఇంజనీర్ల కోసం పెట్టిన పీజీ మేనేజ్‌మెంటు కోర్సుకి కంపెనీయే పంపింది. రెండేళ్ళపాటు శని, ఆదివారాలు క్లాసులు. ఫీజు కంపెనీది, నిద్ర ఆమెది. శనివారం తెల్లవారక ముందే లేచి పగటికి, రాత్రికి కూడా వండి మూతలు పెట్టి, ఏది దేంట్లో ఉందో అత్తగారికి చెప్పి బయల్దేరేది. ఇంటికొచ్చిన వాళ్ళతో భర్త "మా ఆవిడని పీజీ చదివిస్తున్నాను" అనేవాడు. క్లాసులో ఆమెతో కలిసి ప్రాజెక్టులు చేసే మగ ఇంజనీర్లు "మీ రాత ముత్యాల్లా ఉంటుంది మేడమ్, మీరు రాసెయ్యండి" అనేవారు. రాయడం ఆమె వంతు, లేచి మాట్లాడటం వాళ్ళ వంతు. అన్నీ సర్దుకుంది. చివరి వైవా ఒక్కటి గట్టెక్కితే చాలనుకుంది.

వైవాకి ముందురోజు, ఆ శనివారం సాయంత్రం, ఫోను హాల్లో ఛార్జింగుకి పెట్టి లోపలి గదిలో చదువుకుంటోంది. భోజనాలయ్యాక భర్త చొక్కా చేతులు మడుచుకుంటూ "నువ్వెళ్ళి చదువుకో, గిన్నెలు నేను కడుగుతాను" అన్నాడు. పెళ్ళయ్యాక ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆమెకు కళ్ళు చెమర్చాయి. వంటింట్లో నీళ్ళ చప్పుడు వింటూ, మనిషి మారుతున్నాడు అనుకుంది.

మర్నాడు వైవా అయ్యి బయటికొస్తే గేటు దగ్గర కారులో ఉన్నాడు. "ఎలా చేశావు?" అని అడిగాడు. బాగా చేశానంది. "హమ్మయ్య" అని కొంత దూరం వెళ్ళాక కారు పక్కకి ఆపి, స్టీరింగు మీద చేతులు తీయకుండా చెప్పాడు. అమ్మకి ఒంట్లో బాగా లేదని నిన్న సాయంత్రం అన్నయ్య ఆమె ఫోనుకి చేస్తే తానే ఎత్తాడట. ఇవాళ పొద్దున పోయిందట.

పుట్టింటికి చేరేసరికి అమ్మ ముఖం మీద ఎవరో పలచటి గుడ్డ కప్పారు. వదిన ఆమెను పట్టుకుని ఏడుస్తూ అంది. "రాత్రి దాకా మాట్లాడుతూనే ఉన్నారు. నువ్వేదని అడిగారు. బయల్దేరింది అత్తయ్యా, వస్తూ ఉంటుంది అన్నాను. ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడిదాకా వచ్చింది అని అడుగుతూనే ఉన్నారు."

ఆ తర్వాత రోజుల్లో ఆమె ఏమీ అనకముందే భర్త తనకు తానే జవాబులు చెప్పుకునేవాడు. "చెబితే అన్నీ వదిలేసి పరిగెత్తేదానివి. రెండేళ్ళ కష్టం గంగపాలయ్యేది. నీ మంచి కోసమే కదా." అత్తగారు అందుకునేవారు. "వాడి మనసెంత నలిగిందో నీకేం తెలుసు? ఆ రాత్రి ముద్ద దిగలేదు నా బిడ్డకి." ఆ రాత్రి వడ్డించింది ఆమే. మారు అడిగి మరీ పెట్టించుకున్నాడు. ఏడుపు రాని మనిషిగా ఇంట్లో అటూ ఇటూ తిరిగింది. కోడలు నిబ్బరంగా ఉందని చుట్టాలు మెచ్చుకున్నారు.

ఇవాళ పొద్దున ఫ్యాక్టరీ మేనేజరు ఆమెను పిలిచి కూర్చోమన్నాడు. ముందెప్పుడూ కూర్చోమనలేదు. వైండింగ్ సెక్షన్‌కి ఆమెను డిప్యూటీ మేనేజరుని చేస్తున్నామన్నాడు. "మీ ప్రాజెక్టు రిపోర్టు పైవాళ్ళకి తెగ నచ్చింది."

వైండింగ్ సెక్షన్‌లో అందరూ ఆడవాళ్ళే. మోటార్లకి రాగి తీగ చుడతారు. తీగ రీళ్ళ కోసం రోజంతా గది ఈ చివరనుంచి ఆ చివరకి నడుస్తారు, నడుములు పట్టేస్తాయి. ఆ నడక తగ్గించాలనే ఆమె కోర్సు చివరి ప్రాజెక్టు చేసింది. రీళ్ళు బల్లల పక్కకే తెస్తే చాలని గీసి చూపింది. కాలేజీలో గైడు చదివి "దీనివల్ల కంపెనీకేం లాభమో రాయలేదే? నడుం నొప్పికి మార్కులెవరేస్తారమ్మా?" అన్నాడు. అందుకని చివర ఒక వాక్యం కలిపింది, ఇంతకంటే తక్కువమందితోనూ ఇదే పని జరుగుతుందని.

మేనేజరు బల్ల మీదున్న రిపోర్టులో ఆ వాక్యం కిందే ఎవరో ఎర్రగా గీత గీశారు. సెక్షన్‌లో సగంమందిని తీసేస్తారట.

"మీరు చెబితే బావుంటుంది" అన్నాడు మేనేజరు. "మగాడు చెబితే గొడవకొస్తారు. మీరు మెత్తగా చెబుతారు, మీ మాటంటే వాళ్ళకి గురి."

"ఎప్పుడు చెప్పాలి సార్?"

"తొందరేం లేదు. చేతిలో పెద్ద ఆర్డరుంది కదా, అది పంపించేశాక. ఇప్పుడే చెబితే చేతులాడవు పాపం. అందాకా నిశ్చింతగా పని చేసుకోనివ్వండి, వాళ్ళ మంచికే." ఆగి, గొంతు తగ్గించాడు. "ముందే పొక్కిందంటే మాత్రం నేనేం చేయలేను. మీ పోస్టు సంగతి కూడా."

ఆమె సరే సార్ అంది. సాయంత్రం దాకా ఆ ఆడవాళ్ళ మధ్యే తిరిగింది. అందరూ పెద్దక్క అని పిలిచే పాత మనిషి "ఏంటి మేడమ్, ఇవాళ మరీ మొహం వేలాడేశారు? ఇంట్లో మళ్ళీ మీరే వండాలా?" అంటే పక్కవాళ్ళు పకపకా నవ్వారు.

గిన్నెలు సర్ది, చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చింది. భర్తకి ప్రమోషన్ సంగతి చెప్పింది. అతని ముఖం వెలిగిపోయింది.

"చూశావా? ఆ రోజు చెప్పేసి ఉంటే ఇది వచ్చేదా? ఇప్పటికైనా ఒప్పుకో."

ఆమె అడిగింది. "అమ్మ నన్ను అడుగుతోందని అన్నయ్య చెప్పాడా మీతో?"

"ఊఁ, చెప్పాడు."

"మీరేమన్నారు?"

"బయల్దేరుతోందన్నాను. ఇంకేమనమంటావు? ఆవిడ కూడా ప్రశాంతంగా ఉండాలి కదా."

అతను టీవీ సౌండు పెంచాడు. అత్తగారు "ఇంకా ఏం తవ్వుతావులే" అన్నారు. బయల్దేరిందన్న మాట వదిన సొంతంగా చెప్పిన ఓదార్పనుకుంది ఇన్నాళ్ళూ. ఆమె లోపలికెళ్ళి మంచం అంచున కూర్చుంది. అప్పుడు వచ్చింది ఏడుపు, చప్పుడు లేకుండా.

మర్నాడు మెషిన్లు మొదలవకముందే వైండింగ్ సెక్షన్‌కి వెళ్ళింది. మెత్తగా చెప్పడానికి మాటలు వెతుక్కోలేదు. ఆర్డరు పూర్తయ్యాక సగంమందిని తీసేయబోతున్నారని, అప్పటిదాకా మీకు చెప్పొద్దన్నారని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎవరూ అరవలేదు. ఒకామె చేతిలో రీలు బల్ల మీద పెట్టబోయి, మళ్ళీ ఒళ్ళోనే పెట్టుకుంది.

"మీకెప్పుడు తెలిసింది మేడమ్?" అని అడిగింది పెద్దక్క.

"నిన్న పొద్దున."

"నిన్నంతా మాతోనే ఉన్నారు కదా."

ఆ గొంతులో కోపం ఉంటే తేలికయ్యేది. "ఉన్నాను. చెప్పలేదు" అంది ఆమె.

పెద్దక్క ఖాళీ స్టూలు ఒకటి కాలితో ముందుకు తోసింది. "కూర్చోండి. ఇది ఎక్కడ పుట్టిందో, ఎవరనుకున్నారో, అంతా చెప్పండి."

పైన అద్దాల గదిలో మేనేజరు కుర్చీలోంచి లేచి కిందికి చూస్తున్నాడు. ఆమె అటు వీపు పెట్టి, వాళ్ళకి ఎదురుగా కూర్చుంది.

"నా రిపోర్టులో పుట్టింది" అని మొదలుపెట్టింది.