ఎన్ని టీల దూరం

"దారి నీకేం తెలుసే? పొయ్యి దగ్గర్నించి పశువుల కొట్టం దాకా తెలుసు, అంతేగా!"

యాంగ్జెస్ బార్లీ పిండి పిసుకుతూ ఉంది. తలెత్తలేదు. ఆ మాట అన్నది మొగుడు ముతుప్. పొయ్యి పక్కన దిండు మీద కాలు పెట్టుకుని పడుకుని మరీ అన్నాడు. మొన్న పెళ్ళిలో బార్లీ కల్లు ఛాంగ్ పట్టించి ఎగిరెగిరి ఆడి, మేడ దిగుతూ నిచ్చెనలో లేని మెట్టు మీద అడుగేశాడు. మడమ దుంపలా వాచి కూర్చుంది. పై గదిలో చూస్తే కలకత్తా నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు సంచులు సర్దుకుని ఎదురుచూస్తున్నారు. ఒకావిడ ఝర్ణా-దీ, పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి, అరవై దాటాయి. రెండోది ఆవిడ మేనకోడలు మితుల్. ముందు నక్‌పో లా ఎక్కి దిగితే లింగ్‌చెన్ ఊరు. ఆ తర్వాత సెర్‌పో లా ఎక్కి దిగితే మోటారు రోడ్డు. ఈ రెండు కనుమలూ దాటించాల్సిన గైడు ముతుప్. దాటించే కాలేమో దిండెక్కి కూర్చుంది.

"లింగ్‌చెన్‌కి అంగ్‌దుస్ ఎలాగూ వస్తాడన్నావుగా. అక్కడ్నించి వాడు తీసుకెళ్తాడు. అక్కడిదాకా నేను తీసుకెళ్తా," అంది. అంగ్‌దుస్ ముతుప్‌కి పిన్ని కొడుకు, అతనూ గైడే. "ఏటేటా లింగ్‌చెన్‌లో మీ మేనత్తకి వెన్న మోసుకెళ్ళేది ఎవరనుకున్నావ్? పెళ్ళయి ఈ ఇంటికి వచ్చింది కూడా ఆ కనుమ దాటే."

"పాలెవరు పితుకుతారు?" మూలనుంచి అత్తగారు జపమాల తిప్పడం ఆపకుండా అంది. ఆవిడకి దారి గొడవ అక్కర్లేదు. పాలే అనుమానం.

"నువ్వు పితుకు ఆమాలే," అంది యాంగ్జెస్ అత్తగారితో. "నాకంటే నీకే బాగా వచ్చని రోజూ చెప్తావుగా."

ముతుప్‌కి నవ్వొచ్చింది. నవ్వితే కాలు లాగింది. దాంతో కోపమొచ్చింది. చివరికి గాలిలో వేలు ఆడిస్తూ షరతు పెట్టాడు. "లింగ్‌చెన్‌లో అప్పజెప్పి వెనక్కి తిరుగు. అడుగు అటు వెయ్యకు. క్షేమంగా చేరిస్తే వచ్చే వేసవి నుంచి అక్కడిదాకా నువ్వే తీసుకెళ్దువుగాని. ఇద్దర్లో ఒక్కళ్ళు పడ్డా సరే, మళ్ళీ ఈ ఇంట్లో దారి మాట ఎత్తకూడదు."

యాంగ్జెస్ చేతులకి పిండి ఉండబట్టి సరిపోయింది, లేకపోతే చప్పట్లు కొట్టేది. ఎన్ని వేసవులు చూసింది! వాళ్ళు వస్తారు, తను పిండి ముక్కలేసి ఉడికించిన స్క్యూ తిని వేళ్ళు నాకుతారు, తన దుప్పట్లు కప్పుకుని పడుకుంటారు, పొద్దున్నే చిన్న చిన్న సంచులు తగిలించుకుని కొండ మీదికి చీమల్లా ఎక్కిపోతారు. తను వీపు మీద పేడ బుట్టతో ఆగి, ఆ చీమలు మలుపు తిరిగేదాకా చూస్తుంది. తర్వాత దుప్పట్లు ఉతుకుతుంది. ముతుప్ తిరిగొచ్చాక సెర్‌పో లా కబుర్లు చెప్పేవాడు. ఒక ఏడాది అవతల సరస్సుంది అన్నాడు, ఇంకో ఏడాది మంచు తప్ప ఏం లేదన్నాడు. "నాకూ చూడాలనుంది," అని ఒకసారి అంటే, "ఏముందే అక్కడ, రాళ్ళు! మనింటి చుట్టూ లేవా రాళ్ళు?" అన్నాడు. నిజమే, ఉన్నాయి. వాటి మీదే ఉతికేది.

మర్నాడు బయల్దేరారు. సామానంతా మేమే స్టాన్‌బా గుర్రాల మీద. మేమే అంటే ఊరందరికీ తాత. నోట్లో పళ్ళు తక్కువ, మాటలు ఎక్కువ. ఊరి చివర స్తూపం దాటారో లేదో, వెనక నుంచి కేక వేశాడు.

"నామా! ఏం పారేసుకున్నావే? కింద వెతుకుతున్నావు?"

నామా అంటే కోడలు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఊళ్ళో సగం మంది ఆమెని పిలిచే పేరదే. యాంగ్జెస్ ఆగి తనని తాను చూసుకుంది. నడుం వంగి ఉంది. రెండు చేతులూ భుజాల దగ్గర ఉన్నాయి, తాడు పట్టుకున్నట్టు. తాడు లేదు. బుట్టా లేదు. వీపు మీద ఎండ తప్ప ఏమీ లేదు. మితుల్ కిసుక్కున నవ్వింది. యాంగ్జెస్‌కి ముందు సిగ్గేసింది, ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. నిటారుగా నిలబడి పది అడుగులేసింది. మళ్ళీ వంగిపోయింది. మేమే మళ్ళీ కేకేశాడు. ఆ పూటంతా అదే ఆట.

"పశువుల మేతకి వెళ్ళే డొక్సాలోనే కదా ఇవాళ మకాం? ఎంత దూరం?" ఝర్ణా-దీ అడిగింది.

"ఆరు టీలు."

"టీలా?"

"అదే దీదీ, బుట్ట దించి, టీ తాగి, మళ్ళీ ఎత్తుకుంటామే, అలా ఆరుసార్లు. పొద్దు వాలేసరికి చేరతాం." ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి దూరం అంటే అదే. దారి పొడుగునా నడుం ఎత్తున రాళ్ళుంటాయి. కూర్చోకుండా వాటికి ఆన్చి బుట్ట దించొచ్చు, సాయం పట్టేవాళ్ళు లేకపోయినా ఎత్తుకోవచ్చు. అలాంటి రాయి ఒక్కొక్కటీ ఒక టీ.

మొదటి రాయి వచ్చింది. యాంగ్జెస్ ఆగింది. మిగతా ఇద్దరూ ఆగలేదు. ఎందుకాగాలో వాళ్ళకి తెలీదు. ఆలోచిస్తే ఆమెకీ తెలీలేదు. రెండో రాయి దగ్గర ఫ్లాస్కు మూత తీసింది గానీ ఎవరికీ దాహం లేదు. మూడోది మాటల్లో దాటిపోయింది. అలా నడుస్తూ నడుస్తూ మలుపు తిరిగేసరికి ఎదురుగా పచ్చటి పల్లం, రాతి గుడిసెలు, మేస్తున్న జోమో ఆవులు. సూర్యుడు ఇంకా నడినెత్తినే ఉన్నాడు.

యాంగ్జెస్ ఠక్కున ఆగిపోయింది. దారి తప్పాం! ఇది వేరే ఎవరి డొక్సానో. మన డొక్సాకి ఈ వేళప్పుడు రావడం ఎలా కుదురుతుంది? ఇక్కడికి ఎప్పుడొచ్చినా చీకటి పడుతుంటుంది, పశువులు కొట్టంలో ఉంటాయి, వంగిన నడుం నిలబడదు. ఇంత వెలుగులో ఈ పచ్చిక ఇంత పచ్చగా ఉంటుందని ఆమెకి తెలీదు. ముతుప్ మాట చెవిలో గింగురుమంది. పొయ్యి దగ్గర్నించి కొట్టం దాకా. మొదటి రోజే అయిపోయింది నా గైడు పని, అనుకుంది.

"దీదీ, ఆగండి. ఇది మాది కాదేమో."

అంతలో గుడిసె ముందు పెరుగు చిలుకుతున్న మనిషి లేచి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. యాంగ్జెస్ స్నేహితురాలు కుంజెస్.

"యాంగ్జెస్! నువ్వేనా? నీ బుట్టేదే? ఎవరన్నా ఎత్తుకుపోయారా?"

మేమే స్టాన్‌బా గుర్రం మెడ కావిలించుకుని నవ్వాడు. సొంత డొక్సాని గుర్తుపట్టని కోడలి కథ ఆ వేసవంతా ఊరూరా చెప్పుకోవడానికి అతనికి చాలు.

ఆ మర్నాడు నక్‌పో లా. ఆమె లెక్కకి తొమ్మిది టీలు. భయం కొద్దీ అందర్నీ తెల్లారకముందే లేపేసింది. గులకరాళ్ళ మీద మలుపు తర్వాత మలుపు ఎక్కారు. ఝర్ణా-దీ పది అడుగులకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటోంది. అయినా సరే, ఎండ ఇంకా పదునెక్కకముందే కనుమ మీద రంగు జెండాలు టపటపలాడుతూ కనిపించాయి. గాలి ఒక్కసారి ముఖాన కొట్టింది.

"కికి సోసో ల్హార్‌గ్యలో!" దేవతలకి జయం! యాంగ్జెస్ గొంతు చించుకుని అరిచింది. కొండ అటునుంచి తిరిగి అరిచింది. మళ్ళీ అరిచింది. ఇన్నేళ్ళుగా ఈ కనుమ మీద అరిచింది మగవాళ్ళే. ఆడవాళ్ళు వచ్చేసరికి ఆఖరు, వచ్చాక అరవడానికి ఊపిరుండదు, ముందు బుట్ట దించాలి. మితుల్ కూడా అరిచింది, తప్పుగా. ఝర్ణా-దీ జెండాల కింద చతికిలబడి, "నీ తొమ్మిది టీలు నాకు బాకీ! ఒక్కటి కూడా పోయలేదు నువ్వు!" అని దబాయించింది.

యాంగ్జెస్ టీ పోస్తూ ఆవిడ వంక చూసింది. అరవై దాటిన మనిషి, పట్నం మనిషి, మోకాళ్ళకి పట్టీలు కట్టుకున్న మనిషి ఇంత తొందరగా ఎక్కేసింది. నేను పాతికేళ్ళ వయసులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎక్కేదాన్ని. నేను నెమ్మది అనుకున్నాను. "మా యాంగ్జెస్ నత్త," అని ముతుప్ విందుల్లో చెప్పి నవ్వించేవాడు, నేనూ నవ్వేదాన్ని. వీపు మీద వెన్న, వెన్న మీద ఉన్ని, ముందువైపు గుడ్డలో కట్టుకున్న పాప. వాటన్నిటినీ దారి లెక్కలో కలిపేసుకున్నాను. కొండలు నాకు దూరంగా లేవు. అవి ఎప్పుడూ ఇక్కడే ఉన్నాయి, ఇంత దగ్గరగా, ఒక పొద్దుటిపూట దూరంలో. నాకు తెలిసిన దూరాలన్నీ తప్పే అయితే, ఇంకేమేం తప్పు లెక్కేసుకున్నాను? ఈ ఊహకి ఆమెకి ఏడుపు రావాలి నిజానికి. రాలేదు. పరిగెత్తాలనిపించింది. పరిగెత్తింది కూడా, ఆ గులకరాళ్ళ మీద, చేతులు బార్లా చాపి, కిందికి. "నామాకి పిచ్చెక్కింది!" అని మేమే గుర్రాలకి చెప్పాడు.

కింద ఏరు దగ్గర ఇంకో వింత. ఆమె ఎప్పుడొచ్చినా ఎండకి పైన మంచు కరిగి ఏరు పొంగుతూ ఉండేది. గట్టున పడుకుని మర్నాడు పొద్దున దాటేది. ఇవాళ ఇంకా మోకాళ్ళ లోతే ఉంది. యాంగ్జెస్ ముందు దిగింది. ఝర్ణా-దీ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే మధ్యలో ఆవిడ కాలు జారింది. యాంగ్జెస్ కోటు కాలరు పట్టి ఒక్క గుంజు గుంజి నిలబెట్టింది. ఆవిడ నడుం దాకా తడిసిపోయింది.

గట్టెక్కాక యాంగ్జెస్ మొహంలో నెత్తురు లేదు. "దీదీ, పడ్డారా?"

"తడిశాను. పడితే నీకు తెలిసేది, నిన్ను కూడా లాక్కుపోయేదాన్ని."

"మేమే, నువ్వు చూశావా?"

"నేనా? గుర్రం తోక చూస్తున్నా. చాలా అందంగా ఉంది."

అలా లింగ్‌చెన్‌కి రెండు రోజులు ముందే చేరారు. దిగిన ఇంటావిడ గుమ్మం దగ్గరే మేమే స్టాన్‌బాకి దండం పెట్టి, పొయ్యి పక్కన పై ఆసనం చూపించింది. గైడు అక్కడే కూర్చుంటాడు. యాంగ్జెస్ అలవాటుగా తలుపు పక్క ఆడవాళ్ళ వరస చివర కూర్చోబోయింది. "నేను గుర్రాలవాణ్ణి తల్లీ. దారి చూపించింది ఆవిడ," అన్నాడు మేమే. ఇంటావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. యాంగ్జెస్ లేచి, అందరి మోకాళ్ళు దాటుకుంటూ పైకి వెళ్ళి కూర్చుంది. ఆసనం మెత్తగా ఉంది. కప్పు నిండుగా ముందు ఆమెకే పోశారు. ఎటు చూడాలో తెలియక ఆమె కప్పులోకే చూసింది.

అంగ్‌దుస్ ఇంకా రాలేదు. అతను రావడానికి చెప్పిన రోజు ఎల్లుండి. మర్నాడు పొద్దున్నే ఝర్ణా-దీ వచ్చి పక్కన కూర్చుంది.

"రెండు రోజులు ఈగలు తోలుకుంటూ కూర్చునే బదులు ఆ రెండో కనుమ కూడా నువ్వే తీసుకెళ్ళరాదూ?"

"నేను చూళ్ళేదు దీదీ, ఆ లా."

"మేము మాత్రం చూశామా?"

"నా గుర్రాలు చూశాయి, వెంట నేనూ చూశా, లెక్కలేనన్నిసార్లు," అని మేమే గోడవతల నుంచి అన్నాడు. చెవులు మాత్రం అన్నీ ఉన్నాయి ముసలాయనకి.

ఊరికి ఒకటే ఫోను, పంచాయతీ గదిలో. యాంగ్జెస్ ముతుప్‌కి చేసింది.

"అప్పుడే లింగ్‌చెనా? అబద్ధాలాడకు. ఎక్కడ ఇరుక్కుపోయారు?"

"నిజంగానే. ఎవరూ పడలేదు. బుట్ట లేదుగా ముతుప్, దారి ఇంతేనంట!" ఆమె గొంతులో సంతోషం పొంగిపోతోంది. "కనుమ మీద ఎంతలా అరిచానో తెలుసా?"

"సరే సరే. వాళ్ళు అంగ్‌దుస్ వచ్చేదాకా అక్కడే పడుంటారు. నువ్వు ఇప్పుడే బయల్దేరి వచ్చెయ్. రెండు రోజులు కలిసొచ్చాయిగా, కోతలకి ముందే ఉన్ని మొత్తం ఉతికేయొచ్చు." వెనక నుంచి అత్తగారి గొంతు: "పాలు విరిగిపోతున్నాయని చెప్పరా!"

"మరి వచ్చే వేసవి నేను..."

"వచ్చే వేసవికి నా కాలు బాగైపోదూ? ఇంక నీకెందుకే ఆ తిప్పలు!"

మాటలో చెడుద్దేశం కూడా లేదు. ప్రేమగానే అన్నాడు. యాంగ్జెస్ ఫోను చెవికి ఆనించుకునే ఉంది. కిటికీలోంచి సెర్‌పో లా కనిపిస్తోంది, పసుపు రంగు బండలు, పైన ఒక చెంచాడు మంచు. షరతు తను గెలిచింది. గెలిచినా ఇవ్వడంట. అడిగి తీసుకున్న దారి ఎప్పుడూ అంతే, కాలు నయమవగానే తిరిగి లాక్కుంటారు. కలిసొచ్చిన రెండు రోజులకి కూడా అప్పుడే ఇంట్లో పని పుట్టేసింది. తనకి కోపం వస్తుందేమోనని చూసుకుంది. కోపం కాదు, కాళ్ళు దురద పెడుతున్నాయి.

"ముతుప్, ఈ రెండు రోజులూ నేను నడిచి మిగిల్చుకున్నవి. నడిచే ఖర్చు పెడతా."

"ఏంటీ? సరిగ్గా వినబడట్లేదు!"

"ఫర్వాలేదు," అని పెట్టేసింది.

అంగ్‌దుస్‌కి ఒక మాట చెప్పమని ఇంటావిడకి చెప్పి, బయటికొచ్చి గుర్రాల జీనులు తనే బిగించింది. ఝర్ణా-దీ మోకాళ్ళ పట్టీలు సర్దుకుంటూ అడిగింది, "అవతల ఏముంటుంది యాంగ్జెస్?"

"నాకు తెలీదు దీదీ," అంది యాంగ్జెస్, కళ్ళు మెరిసిపోతుండగా. "పదండి, చూద్దాం."