డిస్కులో కళ్ళం

మా ఆయనకు పంపకాల పిచ్చి. ఇంట్లో ఉన్న ఒక్క బీరువానూ స్కేలు పెట్టి మరీ చెరిసగం చేశారు. నా సగంలో చీరలు తలుపు తోసుకుని బయటికొస్తుంటే, ఆయన సగంలో నాలుగు చొక్కాలు కాళ్ళు చాపుకుని పడుకుంటాయి.

ఎనభై తొమ్మిదిలో, నరసరావుపేటలో ఆయన పనిచేసే పత్తి మిల్లుకు యూనిక్స్ కంప్యూటర్ వచ్చినప్పుడూ అంతే. లెక్కలు దాచే డిస్కును సమంగా కోసి, మిల్లు యజమానుల్లో అన్న పిచ్చయ్య పత్తి లెక్కలకు ఒక సగం, తమ్ముడు బ్రహ్మయ్య పత్తిగింజల నూనె లెక్కలకు ఒక సగం ఇచ్చారు. పత్తి సీజన్‌లో అన్న సగం నిండిపోయింది. కొత్త లెక్క ఒక్కటీ ఎక్కదు. గేటు బయట లారీలు ఆగిపోయాయి. తమ్ముడి సగం మాత్రం చానావరకు ఖాళీ.

"డిస్కులో జానెడిస్తే రేపు చేలో గట్టు జరుపుతాడు" అన్నాడు బ్రహ్మయ్య.

"సాయంత్రానికి లారీలు లోపలికి రాకపోతే నువ్వు బయటికి పో" అన్నాడు పిచ్చయ్య మా ఆయనతో.

మధ్యాహ్నం భోజనానికొచ్చి ఇదంతా చెప్పారు.

"వాళ్ళు పొలం పంచుకున్నప్పుడు కళ్ళం కూడా కోసుకున్నారా?" అన్నాను.

"కళ్ళం ఎవడన్నా కోస్తాడటే? అది ఉమ్మడిది. ఎవరి పంటొస్తే వాళ్ళు నూర్చుకుంటారు..."

అంతే, ఎంగిలి చేత్తోనే లేచారు.

లెక్కలన్నీ టేపు మీదికి తీసి, డిస్కు తుడిచి, ఇద్దరికీ చెరో చిన్న ముక్క ఇచ్చి, మిగిలింది ఉమ్మడి కళ్ళమన్నారట. ఆ మాటకు అన్నదమ్ములిద్దరూ సరేనన్నారట. పొద్దుగూకేలోపే లారీలు కదిలాయి.

"డిస్కును చెరిసగం కొయ్యడం నాదే తప్పే" అన్నారు ఇంటికొచ్చి.

"మరి బీరువా?"

నా చీరల వంక, తన చొక్కాల వంక చూశారు.

"ఏందే నీ గోల! అదీ తప్పే."