క్లెమ్ నోరు విప్పేలోపు

ఆ ఏడు ఆకులు రాలే కాలమంతా నాకు ఒక చోట కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్‌ని మరి, బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికా ఫుట్‌బాల్. సెప్టెంబరు నుంచి ఒక్క ఆటా ఓడలేదు. గెలిచిన కొద్దీ నాకు దడ పెరిగింది. పొద్దున ప్రార్థనలో పాస్టరుగారు కళ్ళు మూసుకోమంటే, నా మోకాలు ముందు బల్లకి కొట్టుకుంటూనే ఉండేది.

"కాలు కాలిన పిల్లిలా ఏంట్రా ఆ తిరుగుడు? కాసేపు పడుకోరాదూ!" అని హాల్వర్ విసుక్కునేవాడు.

హాల్వర్‌దీ నాదీ ఒకే గది. బంతి పట్టుకుని ఎదుటివాళ్ళ మీదికి దూసుకెళ్ళే పని వాడిది. తలకి దెబ్బ తగలకుండా తోలు టోపీ పెట్టుకోమంటే పెట్టుకోడు. "కోళ్ళగంపలో తల దూర్చినట్టుంటుంది" అంటాడు. కోచ్ రస్టన్‌గారు కూడా మొగాడంటే వాడేనని మురిసిపోయేవారు.

నవంబరులో ఆఖరి ఆట, నది అవతలి కాలేజీ మీద, వాళ్ళ మైదానంలోనే. పైన మంచు కట్టి కింద బురదగా ఉన్న నేల. ఆట సగం దాటాక హాల్వర్ బంతితో తలవంచుకుని దూసుకెళ్ళాడు, వాళ్ళ గోలు గీత దాటాడు, ఆ గీత మీదే పాతిన గోలు స్తంభాన్ని నెత్తితో గుద్దాడు. ఆ చప్పుడు నాకు పళ్ళలో వినిపించింది. వాడు లేచి బురద దులుపుకున్నాడు. ఆట చూడ్డానికొచ్చిన మా వాళ్ళు టోపీలు ఎగరేశారు. గీత దాటినందుకు ఆరు పాయింట్లు; ఆ తర్వాత ఇంకో పాయింటు కోసం తన్నిన బంతి పక్కకి పోయింది గనక మాకు ఆరు, వాళ్ళకి ఏడు.

ఆట ముగిసే వేళకి మళ్ళీ వాళ్ళ గీత దగ్గరికి చేరాం. ఇంకో ఎనిమిది గజాలు దాటితే గెలుపు మాదే. అందరూ గుండ్రంగా నిలబడ్డాం.

"ఐనార్, ఇవాళ ఎవరితోరా ఆట?" అన్నాడు హాల్వర్.

"వేళాకోళాలకి ఇదా సమయం?"

"సరేలే. ఎవరితో?"

నవ్వుతూ అడిగుంటే చెంప పగలగొట్టేవాణ్ణి. వాడు నవ్వడం లేదు.

అప్పుడే బెంచీ నుంచి క్లెమ్ పరుగెత్తుకొచ్చాడు, ఇంకొకడి బదులు. కోచ్ ఏదో కబురు పంపారన్నమాట. బెంచీ మీంచి ఆయన అరిస్తే తప్పు. అలా లోపలికొచ్చినవాడు కూడా ఆట ఒక విడత ముగిసేదాకా మాలో ఎవరితోనూ మాట్లాడకూడదు. మాట్లాడితే జట్టంతా పదిహేను గజాలు వెనక్కి పోవాలి. క్లెమ్ పెదాలు బిగించుకుని నిలబడ్డాడు. వాడి కళ్ళు మాత్రం హాల్వర్ మీదే ఉన్నాయి. ఒకసారి వాణ్ణి చూస్తాడు, ఒకసారి నన్ను.

హాల్వర్ తలకి గట్టి దెబ్బే తగిలిందని కోచ్‌కి కూడా తెలిసిపోయింది, వీణ్ణి బయటికి పంపమంటున్నారు అనుకున్నాను. నాకు ఆ క్షణంలో ఎంత హాయి కలిగిందో చెప్పలేను. ఆట రెండో సగంలో బయటికెళ్ళినవాడు ఇక లోపలికి రాకూడదు. అయినా చెయ్యెత్తి రిఫరీని పిలిచి, హాల్వర్‌ని మార్చమన్నాను.

"నన్నా? నీకు పిచ్చెక్కిందా?" అని వాడు నా జెర్సీ పట్టుకున్నాడు. ఇద్దరు పట్టి లాక్కెళ్ళాల్సి వచ్చింది.

ఆ విడతలో రెండు గజాలు వచ్చాయి. ఈల మోగగానే క్లెమ్ బుస్సుమన్నాడు. "ఏం పని చేశావురా! బంతి హాల్వర్‌కే ఇవ్వమన్నారు కోచ్! ప్రతిసారీ వాడికే!"

మిగిలిన ఆరు గజాలు రాలేదు. ఓడిపోయాం.

"నీ సొంత పెత్తనమేంట్రా?" అన్నారు కోచ్, అంతే. హాల్వర్ ఆట ఎవరితోనని అడిగిన సంగతి చెప్పాను. వినిపించుకోలేదు. సాయంత్రం రైల్లో హాల్వర్ పక్కన నేను తప్ప ఎవరూ కూర్చోలేదు, ఎందుకంటే నా మీద కోపంతో ఎవరూ నా దగ్గరికి రాలేదు.

"గెలిచామా?" అన్నాడు.

"లేదు."

"నేనెక్కడున్నాను?"

"నిన్ను తీసేశాను."

"నువ్వా? నువ్వురా?" వాడి కళ్ళు నిండాయి. కిటికీ వైపు తిరిగాడు. పొలాలు కొన్ని దాటేసరికి మళ్ళీ ఇటు తిరిగాడు.

"గెలిచామా, ఐనార్?"

మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు, అవే కళ్ళు. ఒకసారి విసిగిపోయి కోచ్ తీసేశారని అబద్ధమాడాను. ఆయన్ని కొట్టడానికి లేచాడు. కూర్చోబెట్టి నిజం చెప్పాను, మళ్ళీ ఏడిపించాను. లేచి పెట్టెలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచొచ్చేవాణ్ణి. వచ్చేసరికి ప్రశ్న సిద్ధంగా ఉండేది. ఇలాగే ఉండిపోతాడా, వాళ్ళమ్మకి ఏం చెప్పాలి అని అదే ఆలోచన.

మర్నాడు, ఆదివారం పొద్దున నేను కళ్ళు తెరిచేసరికి వాడు మంచం మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ప్రశ్న కోసం చూశాను. రాలేదు.

"ఏమైనా అడుగుతావా?" అన్నాను.

"ఏముంది అడగడానికి? ఓడిపోయాం. ఎనిమిది గజాల దగ్గర నన్ను తీసేశావు. రైల్లో చెప్పావుగా! చచ్చేదాకా మర్చిపోను. ఇంక నాతో మాట్లాడకు."

నేను ఆ చల్లటి నేల మీద చతికిలబడి ఏడ్చేశాను, సంతోషం పట్టలేక. వాడు నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు.

చదువు ముగిసి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళేదాకా వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏదీ మర్చిపోలేదు మరి.