అట్టిపెట్టిన పాట

వర్లిన్ టాకెట్ మూడోసారి గిటారు తీగలు సవరిస్తున్నాడు. వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ డెల్ఫీ వింటోంది. పెళ్లైన కొత్తలో ఇద్దరూ కలిసి పాడేవారు. అతని గొంతు కింద, ఆవిడ గొంతు పైన. అందుకని ఆవిడ అందుకునే పాటకు మాత్రం గిటారు మెడ మీద మూడో మెట్టుకు, శ్రుతి ఆవిడ గొంతుకు సరిపడా పెరిగేలా, ఇనుప బిగింపు పెట్టేవాడు. ఆ రోజులు ఎప్పుడో పోయాయి.

ఇప్పుడు విత్తనాల కొట్లో బస్తాలు మోస్తాడు. శనివారాలు పాటల వ్యాపారమంతా జరిగే నాష్‌విల్ వెళ్లి ఏదో కాఫీ హోటల్లో నలుగురికి పాడి వస్తాడు. ముప్పై ఏళ్లలో తను కట్టినవి రెండు పాటలు రేడియోకెక్కాయి, అవీ వేరేవాళ్ల గొంతులో.

మూడోది ఎక్కాల్సింది. పదకొండేళ్ల కిందట ఓ పేరున్న గాయకుడి ఆఫీసువాళ్లు విని, ఆయన పాడేదాకా మాకే అట్టిపెట్టు, ఇంకెవరికీ ఇవ్వకు అన్నారు. రాతకోతలేం లేవు, నోటిమాటే. అక్కడ పాటలు కట్టేవాళ్లంతా ఆ మాట మన్నిస్తారు. మనవాడు మరీ చాదస్తుడు, ఇంట్లో కూనిరాగం తీయడం కూడా మానేశాడు. ఉన్న ఒక్క టేపూ వాళ్లకే ఇచ్చాడు. కాగితం మీద పెట్టే అలవాటు మొదట్నుంచీ లేదు. ఆ పాట డెల్ఫీ మీద కట్టిందట. పాపం, ఆవిడ ఒక్క చరణమూ ఎరగదు.

"నేను వింటే ఆ పెద్దమనిషి పాట అరిగిపోతుందా?" అని ఎన్నిసార్లు ఎత్తిపొడిచిందో.

"మాటంటే మాటే, డెల్ఫీ," అనేవాడు.

ఇవాళ కొట్టు నుంచి మధ్యాహ్నమే వచ్చేసి గిటారు పట్టుకు కూర్చున్నాడు. మొహం పాలిపోయింది. ఎడమ భుజం పట్టేసిందన్నాడు. ఎట్టకేలకు ఆ ఆఫీసుకు ఫోన్ చేశాడట. ఆ గాయకుడు పాడటం మానేసి ఆరేళ్లయిందట, టేపు సంగతి అక్కడెవరికీ తెలీదట.

"ఆరేళ్లు ఊరికే నోరు కట్టేసుకున్నావా!" అంది డెల్ఫీ. కోపంతో కళ్లు నిండాయి.

"తిట్టు, పడతాను. ఇవాళ పాడతాను. రెండో చరణం నువ్వందుకోవాలి."

పొయ్యి మీద మొక్కజొన్న రొట్టె మాడుతుందని ఆవిడ లోపలికెళ్లింది. రొట్టె దించింది, చేతులు కడుక్కుంది, పిచ్చిది, అద్దం ముందు జుట్టు కూడా దువ్వుకుంది. తిరిగొచ్చేసరికి వర్లిన్ కుర్చీలో తల వాల్చి ఉన్నాడు. పిలిచింది. భుజం పట్టి కుదిపింది. పలకలేదు.

డాక్టరొచ్చి గుండె ఆగిపోయిందని చెప్పి వెళ్లాడు, ఇరుగుపొరుగు వచ్చారు, అతన్ని తీసుకెళ్లారు. సాయంత్రం వరండాలో డెల్ఫీ ఒక్కతే మిగిలింది. కుర్చీకి ఆనించిన గిటారు వైపు అప్పుడు చూసింది. దాని మెడ మీద, మూడో మెట్టుకు, ఇనుప బిగింపు పెట్టి ఉంది.