మంత్రాల బీరువా

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటేడు మా మూసాపేటలో తెలుగు గ్రంథాలయం పెట్టుకున్నాం. పుస్తకాలను వర్గాలుగా విడదీయడానికి మా పెద్దలు పట్నం నుంచి వెంకటనారాయణ అనే మహా మేధావిని పిలిపించారు. తెరిస్తే ఎక్కడ అరిగిపోతాయోనని కాబోలు, ఆయన ఒక్క పుస్తకమూ తెరవలేదు. పేరులో మొదటి మాట చూడటం, బీరువాలో పడేయడం. అదే శాస్త్రమట.

అలా ‘మంత్రసాని పని’ అనే పుస్తకం మంత్రశాస్త్రం బీరువాలోకి పోయింది. కాన్పు ఎలా చేయాలో బొమ్మలతో సహా చెప్పే పుస్తకం అది. ఆ బీరువాకు తాళం వేసి, గురూపదేశం పొందినవాళ్లకే ఇస్తామని బోర్డు కూడా తగిలించాడు మహానుభావుడు.

నాకు ఒళ్లు మండింది. నా భార్య సత్తెమ్మకు నెలలు నిండాయి. తొలి కాన్పులో బిడ్డ ఎదురుకాళ్లతో వచ్చి దక్కకుండా పోయింది. ఈసారీ బిడ్డ తల పైనే ఉందని మంత్రసాని కిష్టమ్మ చెయ్యి పెట్టి చూసి చెప్పింది. ఆ పుస్తకంలో అలాంటి కాన్పు గురించి ఒక అధ్యాయమే ఉంది; బీరువాలోకి పోకముందే తిరగేసి చూశాను. నేను చదివి చెబితే తను చేస్తానంది.

“సారూ, అది మంత్రాల పుస్తకం కాదు. జర తెరిచి చూడుండ్రి,” అన్నాను.

“మంత్రసాని అంటే తెలియనివాణ్ణా నేను? కానీ ఎల్లేశం, మొదటి మాట మంత్రమే కదా. ఒక్కదానికి సడలిస్తే శాస్త్రం ఏమైపోవాలి?”

“నా పెండ్లం పానం మీదికొచ్చింది సారూ.”

“నీకు ఉపదేశం ఉందా? గురువెవరు?”

ఈయనతో వాదించడం దండగ. పోయి కిష్టమ్మను తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టాను.

“గీమెనే నా గురువు.”

“ఈవిడా? ఏం గురువు?”

“మంత్రసాని. మొదటి మాట జూసుకోండ్రి.”

ఆయన గడ్డం గోక్కుని, సరిపోయిందంటూ తాళం తీశాడు. నవ్వుతున్నాడేమోనని ముఖం చూశాను. నవ్వలేదు. తన శాస్త్రం నెగ్గిందన్న తృప్తి ఉంది, అంతే.

“ఆ సారు చూస్తే మంచిగనే ఉన్నడు గద బిడ్డా, తలకేమైందట?” అని దారిలో అడిగింది కిష్టమ్మ.

ఆ వారంలోనే నొప్పులొచ్చాయి. గడప బయట కూర్చుని చదివాను. అక్షరాలు తడబడ్డాయి.

“సదివింది చాలు, బొమ్మ ఇటియ్యి,” అని కిష్టమ్మ పుస్తకాన్ని లోపలికి లాక్కుంది.

కాళ్లే ముందు వచ్చాయి. ఆడపిల్ల. కేరుమని ఏడ్చింది. సత్తెమ్మా దక్కింది. గోడకు ఆనుకుని నేను సిగ్గు లేకుండా ఏడ్చాను.

పురుడు కాగానే పుస్తకం పట్టుకుపోతే, వెంకటనారాయణ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

“పురిటింట్లోకి పోయిందా ఇది?”

“పోయింది సారూ.”

“మైలపడ్డదాన్ని మంత్రాల బీరువాలో ఎలా పెడతానయ్యా? తీసుకుపో. ఇక ఇది గ్రంథాలయానిది కాదు.”

నోరు తెరిస్తే మనసు మార్చుకుంటాడని, దండం పెట్టి బయటపడ్డాను. పుస్తకం ఇప్పుడు కిష్టమ్మ మూటలో, బొడ్డు కోసే కత్తి పక్కన ఉంటుంది. ఎవరికి నొప్పులొచ్చినా చదివిపెట్టడానికి నేను పోతాను. ఆయన చేసిన అంత పెద్ద వర్గీకరణలో ఉండాల్సిన చోటికి చేరిన పుస్తకం అదొక్కటే. అదీ బయటికి గెంటేశాడు కాబట్టి.